నేను కొట్టించబోయిన దిరిసెన చెట్టు

ఆ రోజుల్లో డిగ్రీ పట్టా చేతికొచ్చిన వాళ్ళకి లోకంలో తెలియనిదంటూ ఉండేది కాదు. ముఖ్యంగా నాకు. డెబ్బైల చివర్లో బోటనీ చదివి, రాజోలు దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, ఏ మొక్క కనబడినా దాని లాటిన్ పేరు చెప్పందే అడుగు ముందుకు వేసేదాన్ని కాదు (తోటకూర కొనేటప్పుడు కూడా). ఫిబ్రవరిలో ఒకరోజు మా పెద్ద టీచరుగారు బడి ఆవరణలో చెట్టొకటి చూపించారు. ఒక్క ఆకు లేదు. గడ్డిరంగు కాయలు మాత్రం గాలికి గలగలమంటున్నాయి. "బోటనీ చదివేవు కదమ్మా, ఇది బతికుందంటావా?" అన్నారు. నేను దాని చుట్టూ ఒకసారి తిరిగి, "చచ్చిపోయిందండీ. వేరుకుళ్ళు," అన్నాను. రోగం పేరు కూడా చెప్పినందుకు ఆవిడ ముచ్చటపడి, పిల్లల మీద కొమ్మ విరిగిపడకముందే కొట్టించేద్దామన్నారు.

మర్నాడు గొడ్డలి తాతగారు వచ్చారు (ఊళ్ళో చెట్లు కొట్టేది ఆయనే, అసలు పేరు ఎవరికీ తెలీదు). బెరడు గోటితో గీకి, నన్ను పక్కకి పిలిచి చూపించారు. లోపల పచ్చగా, తడిగా ఉంది. "దిరిసెనండి ఇది. చలికాలంలో ఆకు రాల్చేత్తాదండి. ఎండలు ముదిరేలోగా మళ్ళీ చిగురేత్తాదండి. ఆయ్."

దిరిసెన నాకు తెలియకేం? పరీక్షలో దానికి మంచి మార్కులే వచ్చాయి. కాకపోతే మా పుస్తకంలో బొమ్మకి ఏడాది పొడుగునా ఆకులుండేవి. ఇంతలో పెద్ద టీచరుగారు వచ్చారు. తాతగారు నా మొహం ఒకసారి చూసి, "గొడ్డలి పదును లేదండి అమ్మగారూ. నెల్లాళ్ళాగి వత్తానండి," అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ నెలంతా నేను పాఠాలు చెప్పిందానికన్నా కిటికీలోంచి చూసిందే ఎక్కువ. మార్చి చివర్లో ఒక సోమవారం కొమ్మల చివర్లన్నీ లేతపచ్చగా కనబడ్డాయి. హమ్మయ్య అనుకుని అక్కడే అరుగు మీద కూలబడ్డాను. పెద్ద టీచరుగారు వచ్చి, "ఏం మందేశావమ్మా?" అన్నారు. ఆవిడ ముందు అబద్ధం నోట రాలేదు. జరిగిందంతా చెప్పేశాను.

"నాకా రోజే తెలుసమ్మా," అన్నారావిడ నెమ్మదిగా. "ఆ తాత పదునులేని గొడ్డలితో ఎప్పుడైనా గడప దాటేడా?"

ఆ వారం ఎనిమిదో తరగతి పాఠం దిరిసెన కిందే జరిగింది. చెప్పింది తాతగారు. పిల్లల వెనక బెంచీ మీద తలెత్తకుండా రాసుకుంటూ కూర్చున్న ఆ కొత్త టీచరమ్మని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాలేజీలో కూడా ఏనాడూ అంత బుద్ధిగా పాఠం వినలేదు, పాపం.