కదలొద్దమ్మ

మా ల్యాబులో స్కానింగ్ మిషను నడిపే ఆవిడకు మేం పెట్టుకున్న పేరు కదలొద్దమ్మ. పద్దెనిమిదేళ్లుగా రోజంతా ఆవిడ నోట వచ్చేది ఆ మాటే మరి. జడపిన్నులు, బెల్టులు తీయించి, మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, తలకు అటూ ఇటూ స్పాంజి ముక్కలు కుక్కి, అద్దం వెనక నుంచి మైకులో "కదలొద్దమ్మా" అంటుంది.

తల రెండు మిల్లీమీటర్లు కదిలితే మెదడు బొమ్మ అలుక్కుపోతుంది. అప్పుడు జాబితాలో ఆ మనిషికి ఎదురుగా "పనికిరాదు" అని రాస్తారు. ఈ విషయంలో ఆవిడది చండశాసనం. దగ్గొచ్చిందన్నా, ముక్కు దురద పెట్టిందన్నా వినదు. పెద్ద డాక్టరుగారి బావమరిది పేరే ఒకసారి జాబితాలోంచి కొట్టేసింది. మేమంతా చాటుగా సంతోషించాం.

ఆ ఏడు వణుకుడు జబ్బు మీద పరిశోధన మొదలైంది. ఆవిడ అన్నయ్యకు ఆ జబ్బే. దర్జీ. సూదిలో దారం ఎక్కించలేక కొట్టు మూసేశాడు. నయం చేసేదేమీ ఉండదని ముందే చెప్పినా, తన తలకాయైనా ఎవరికో పనికొస్తుందని సంబరపడ్డాడు. నెలరోజులు చెవుల పక్కన దిండ్లు పెట్టుకుని శవంలా పడుకోవడం సాధన చేశాడు. చూడలేక వదిన తిట్టిపోసిందట.

స్కాను రోజున ఆవిడ మూడుసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఎవరికీ అలా చేసి ఎరగదు. చివరికి మైకులో, "కదలొద్దన్నయ్యా," అంది.

"కదలకుండా ఉండగలిగితే నేనిక్కడికెందుకొస్తానే?" అన్నాడాయన.

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు. మా పరిశోధన అంతా అదే. మత్తిచ్చి తీద్దామని ఆవిడ పెద్ద డాక్టరును అడిగింది. మత్తిస్తే మెదడు పనితీరే మారిపోతుందన్నాడు. పోనీ ఆ రెండు మిల్లీమీటర్లను నాలుగు చేద్దామంటే, ఇన్నేళ్లూ రెండేనని పట్టుబట్టింది మీరే కదా అన్నాడు. సాయంత్రం జాబితాలో అన్నయ్యకు ఎదురుగా ఆ "పనికిరాదు" ఆవిడే తన చేత్తో రాసింది.

నలభైమందిలో మిగిలింది పదకొండుమంది, పెద్దగా వణకనివాళ్లు. వాళ్ల మెదళ్లకూ మామూలు మెదళ్లకూ తేడా ఏమంత లేదని పత్రం అచ్చయింది. మేం చప్పట్లు కొట్టుకున్నాం. నేనూ కొట్టాను, సిగ్గులేక.

ఆవిడ ఆ కాగితం అన్నయ్యకు చూపించింది. తను ఎక్కడున్నానని ఆయన అడిగితే ఏదో బొమ్మ మీద వేలు పెట్టింది. వణికే చేతుల్లో కాగితం గడగడలాడుతుంటే ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

"ఇంత నిలకడగా వచ్చిందేమే?" అన్నాడు.

"నువ్వు కదల్లేదుగా అన్నయ్యా," అంది కదలొద్దమ్మ.