కంచం ఫోటోకు నేను వేయని ఓటు

నిన్న సాయంత్రం నా యాప్ నన్నే గుమ్మం బయట నిలబెట్టింది. ఎట్లనో చెప్తా, నవ్వకుండా వినండి.

మా ఆడపిల్లలిద్దరూ గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. అక్కడ పిల్లలకు ఫోన్లుండవు. వార్డెన్ దగ్గరున్న ట్యాబ్‌లో యాప్ ద్వారా మాట్లాడాలి. ఆ యాప్ చేసే చిన్న కంపెనీకే నేను మార్కాపురంలో ఇంట్లో కూర్చొని పని చేస్తున్నా. ఏ ఫీచర్ ముందు రావాలో వాడేవాళ్ళతో కలిసి తేల్చడం నా డ్యూటీ.

నాకు కావాల్సింది ఒకటే. పిల్ల తినిందా లేదా తెలిసేటట్టు పూటపూటకూ కంచం ఫోటో రావాలి. కానీ డ్యూటీలో స్వార్థం కలవకూడదు కదా! అందుకని నేను ఓటు వేయనన్నా. వాడేది పిల్లలు కూడా, వాళ్ళకూ సమానంగా ఓటుండాలని పట్టుబట్టింది కూడా నేనే.

పిల్లల్ని చూడ్డానికి పోయిన ఆదివారం హాస్టల్ వరండాలో నాలుగు స్టీలు గ్లాసులు పెట్టి ఫీచర్ల పేర్లు అంటించినా. కంచం ఫోటో, మార్కులు, ఫీజు రసీదు. నాలుగోది మా పెద్దది అడిగింది: ఇంటి నుంచి రోజుకు ఒక్కటే కాల్, రెండోది పోకూడదు. దానికెవరు వేస్తారులే అనుకున్నా. ఓట్లకు మనిషికి మూడు చింతపిక్కలిచ్చినా, ముఖ్యమైనదాంట్లో ఎక్కువ వేయమని.

కూతుర్ని చూడ్డానికి గిద్దలూరు నుంచి వచ్చిన కిరాణా కొట్టు అన్న మొదటి మూడు గ్లాసుల్లో ఒక్కొక్కటి వేసినాడు.

"ఏందన్నా, ఏది ముఖ్యమో చెప్పమంటే?"

"ఒకదాన్ని తక్కువ చేస్తే బాగుండదు గదమ్మా."

తక్కిన పెద్దవాళ్ళంతా అదే మర్యాద పాటించినారు. పిల్లలు మాత్రం వరసగా వచ్చి మూడుకు మూడూ నాలుగో గ్లాసులో కుమ్మరించి పోయినారు. మా చిన్నది కూడా!

గెలిచింది గెలిచినట్టే చేయించినా. కాల్ అయిపోయినాక తల్లుల మనసు నొచ్చుకోకూడదని మెసేజ్ కూడా నేనే రాసినా: "ఈ రోజు మాటలు అయిపోయినాయి. మీ పిల్లలు బాగున్నారు. మీరు తిని నిశ్చింతగా ఉండండి."

నిన్న ఆ ఫీచర్ వచ్చింది. పొద్దున్నే కాల్ చేసి, పెద్దది తెర మీదకు రాగానే "వినపడుతుందా? సరే, టెస్టింగ్" అని పెట్టేసినా. మధ్యాహ్నానికి గుర్తొచ్చింది, దాని మొహం వాడినట్టుంది. తినిందో లేదో! సాయంత్రం దాకా ఓర్చుకొని కాల్ నొక్కితే మెసేజ్. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే మెసేజ్. తట్టుకోలేక వార్డెన్ సొంత నంబరుకే ఫోన్ చేసినా.

"పిల్లలు బాగున్నారని అందులో రాసుంది కదక్కా, చదవలేదా?" అనింది.

"రాసింది నేనే చెల్లీ. అందుకే నమ్మకం లేదు."