పార్టు పేరు చివరి చుక్క

మా వదిన ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. కూరగాయలతను ఒక వంకాయ ఎక్కువ వేస్తే, అడుగున పుచ్చువి ఎన్ని పెట్టాడోనని సంచి అక్కడే కుమ్మరించి చూస్తుంది. మా అన్నయ్య అడక్కుండా కాఫీ కలిపి తెస్తే "ఏం పగలగొట్టారు?" అంటుంది. ఇలాంటి మనిషికి ఆ ఉద్యోగం వెతికి మరీ ఇచ్చినట్టుంటుంది.

మేమిద్దరం ఒకే కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. నేను కింద బ్రేకుల తనిఖీలో, ఆమె పై అంతస్తులో. కారులో వాడే ప్రతి బోల్టూ, పైపూ, క్లిప్పూ ఏ నంబరుదో, ఏ ఆకారంలో ఉండాలో అంతా ఒక కంప్యూటర్ సిస్టమ్‌లో ఉంటుంది. ఇరవై ఏళ్ల నాటి ఆ సిస్టమ్‌ని తీసేసి కొత్తది పెడుతున్నారు. కొత్తదానిలో ఎవరికి ఏం కావాలో విభాగాలన్నీ తిరిగి అడిగి, వరుస నంబర్లు వేసి రాసి, సంతకాలు పెట్టించడం వదిన పని. ఎవరైనా ఏదైనా కావాలంటే ఎందుకని ఆరా తీస్తుంది. ఏమీ అక్కర్లేదంటే మాత్రం ఆ మనిషి మీద ఓ కన్నేసి ఉంచుతుంది.

అలా అన్నది ఒక్కరే, స్టోర్సు పెద్దాయన. లోపలికి వెళ్లగానే తలుపు వేసుకుంటాడని అందరూ ఆయన్ని 'గొళ్లెం బాబాయ్' అంటారు. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

పాత వివరాలు సరిచూస్తుంటే వదినకు చుక్కలు కనిపించాయి. నాలుగు వందల పైచిలుకు పార్టుల పేర్ల చివర ఒక్కో చుక్క. చెత్త అనుకుని, కొత్త సిస్టమ్‌లోకి మార్చేటప్పుడు అవన్నీ తీసెయ్యాలని తన జాబితాలో రాసేసింది. మర్నాడు చూస్తే కొన్ని చుక్కలు మాయం, కొన్ని కొత్తవి. ఆ మార్పులన్నీ బాబాయ్ లాగిన్ నుంచే జరిగాయి.

ఆ రాత్రి అన్నాల దగ్గర వదిన గొంతు తగ్గించి చెప్పింది. "చుక్క పెట్టినవన్నీ చిన్న పార్టులే. జేబులో పట్టేవి."

"పక్కదారి పట్టిస్తున్నాడంటావా?"

"నేననలేదు. నువ్వన్నావు."

"అనడానికేముంది వదినా, లోపల గొళ్లెం పెట్టుకునే మనిషి!"

నా నోరు ఊరుకోదు కదా. మర్నాడే క్యాంటీన్లో ఇద్దరికి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను.

వదిన నాలుగు రోజులు కూర్చుని ఫిర్యాదు తయారుచేసింది. అది మేనేజరుకు చేరితే ఆ రోజే ఆయన్ని పనిలోంచి నిలిపేస్తారు, విచారణ తర్వాతి మాట. తీరా పంపబోతుంటే ఆమెకు తన మీదే అనుమానం వచ్చింది. ఒక్క పార్టయినా తగ్గిందేమో తను చూడనేలేదు. సాక్షిగా ఉండమని నన్ను లాక్కుని స్టోర్సుకు వెళ్లింది.

"ఈ క్లిప్పు పేరు చివర చుక్కేంటి బాబాయ్?" అని సూటిగా అడిగింది.

ఆయన రెండు డబ్బాలు దించాడు. రెండింటి మీదా ఒకే నంబరు. లోపలి బ్రేకు పైపు క్లిప్పులూ ఒకేలా ఉన్నాయి. వేలితో తడిమితే గానీ తెలియలేదు, ఒకదాని అంచు పలచన.

"ఆకారం మార్చారు, నంబరు మార్చలేదు. పాత మోడల్‌కి పాతవి పెట్టాలి. కొత్తదానికి పెడితే వదులు. రెండు రకాలూ ఉన్నాయని చెప్పడానికి సిస్టమ్‌లో చోటేదమ్మా? అందుకే చుక్క. పాతవి అయిపోగానే తీసేస్తా. అందాకా నేనే చేత్తో చూసి ఇస్తా. వేరేవాళ్లొచ్చి కలిపెయ్యకుండా తలుపేసుకుంటా."

వదిన రెండు క్లిప్పులూ మళ్లీ తడిమి చూసింది. "మరి నేనడిగితే ఏమీ అక్కర్లేదన్నారే?"

"నాకేం కావాలని అడిగావు. నేనేం చేస్తానని అడగలేదుగా."

కొత్త సిస్టమ్ రాగానే చుక్కలు పోయేవి, ఆయనా పోయేవాడు. వదులు క్లిప్పులున్న కార్లు నా ముందుకే వచ్చేవి. నేను ముద్ర వేసి పంపేసేదాన్ని.

వదిన దాచలేదు. "మీరు పార్టులు పట్టుకెళ్తున్నారనుకున్నాను బాబాయ్. ఫిర్యాదు కూడా రాశాను. పంపలేదు. తప్పయిపోయింది."

ఆయన డబ్బాలు రెండూ మళ్లీ అరలో సర్దాడు. "పంపలేదుగా, సరే," అన్నాడు.

వదిన పైకెళ్లి ఫిర్యాదు చెరిపేసింది. చుక్కలు తీసెయ్యాలన్న అంశం కొట్టేసి, ఒకే నంబరున్న పాత, కొత్త ఆకారాల నిల్వ విడివిడిగా చూపించాలని రాసింది. అడిగినవారి గడిలో ఆయన పేరు పెట్టింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

సాయంత్రం షిఫ్టు దిగి ముగ్గురం ఒకేసారి గేటు దగ్గరికొచ్చాం. కాపలా అతను వెళ్లమని మాకు చెయ్యూపాడు. బాబాయ్ మాత్రం ఆగాడు. ఎవరూ అడక్కముందే సంచి బల్ల మీద పెట్టి, అన్నం డబ్బా మూత తీసి, జేబులు రెండూ బయటికి లాగి నిలబడ్డాడు.

"ఇదేంటి బాబాయ్?" అంది వదిన.

"మూడు రోజులుగా నా సంచీ, జేబులూ వెతుకుతున్నారమ్మా. ఎవరో ఏదో అన్నారట."

వదిన నా వైపు తిరిగింది. నేను తలెత్తలేకపోయాను. గబగబా వెళ్లి, ఆయన పక్కన నా సంచి కూడా పెట్టి విప్పబోయాను.

"నీదెందుకమ్మా, నువ్వెళ్లు," అన్నాడు కాపలా అతను.