సూరత్‌లో చప్పుడు లేని పాట

మా బామ్మర్ది లక్ష్మీరాజం సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తూ బొమ్మలు వేస్తున్నాడని తెలిసినప్పుడు నాకు ముందుగా అనుమానమే వచ్చింది. పెళ్లి ఫోటోకు కూడా తిన్నగా నిలబడని మనిషి ఆదివారం అక్కడి ఉధ్నా పేటలో ఏకంగా ప్రదర్శన పెడుతున్నాడట. సమ్మె పాటలు, సినిమా పోస్టర్లు కలిపి రాజకీయాల మీద వేసిన బొమ్మలట.

"ఎవ్వలికీ చెప్పకు బావా. సేటుకు తెలిస్తే నా నౌకరి వోతది" అని ఫోన్‌లో రెండుసార్లు అన్నాడు. ఆ మాట నాతో అనడమే వాడు చేసిన మొదటి తప్పు.

శనివారం ఎనిమిదికి సిరిసిల్లలో బస్సు ఎక్కి, సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడు గంటల రైలు పట్టుకున్నాను. మీరు వెళ్లేటట్టయితే స్లీపర్ టికెట్ నెల ముందే తీసుకోండి, అన్నం ఇంటి నుంచే కట్టుకోండి. రైల్లో చాయ్ ఎంత పలుచగా ఉందంటే, కప్పు కింద పెట్టిన టికెట్ నంబరు పైనుంచి చదువుకున్నాను.

ఎదుటి బెర్తులో జుట్టుకు నల్లరంగు వేసుకున్న మనిషి నా సంచినే చూస్తున్నాడు. నేను సంచిని కాళ్ల మధ్యకు లాక్కున్నాను. ఆయన తన సంచిని ఒళ్లోకి తీసుకున్నాడు. ఒకరినొకరు దొంగలనుకుంటూ వికారాబాద్ దాటాం.

"ఎటు వోతున్నరు?" అన్నాడు చివరికి.

"సూరత్‌కు. ఢిల్లీల పెద్ద మ్యూజియం పంపింది, బొమ్మలు కొననీకి" అని గొప్పకు కోశాను.

"సూరత్‌ల బొమ్మలేంది? బట్టలు గదా!"

"లక్ష్మీరాజమని ఉధ్నాల గొప్ప చిత్రకారుడున్నడు. రేపు పదకొండింటికి విదేశాలోళ్లు గూడ వస్తున్రు."

"గట్లనా" అని అటు తిరిగి పడుకున్నాడు. గురక మాత్రం రాలేదు. నిద్ర రాని మనిషి అంత గట్టిగా కళ్లు మూసుకోవడం నాకు నచ్చలేదు.

మర్నాడు తొమ్మిదికి సూరత్‌లో దిగాను. స్టేషన్ బయట లోచో తిన్నాను. ఉడికించిన శనగపిండి మీద వెన్న, సన్న కారప్పూస వేసి ఇస్తారు. తప్పక తినండి, చొక్కా మీద పడకుండా తినండి. షేర్ ఆటోలో ఇరవై రూపాయలకు ఉధ్నా చేరాను.

ప్రదర్శన నేతవాళ్ల సంఘం హాల్లో. మగ్గాల షెడ్డులో మిగిలిపోయిన తెల్లబట్ట ముక్కల మీద వేసిన బొమ్మలు గోడ పొడుగునా వేలాడుతున్నాయి. ఒకదాంట్లో టీవీ క్విజ్ పోటీలో కూర్చున్నట్టు ఒక నాయకుడు కుర్చీలో కూర్చున్నాడు. కూలి ఎప్పుడు పెంచుతావన్న ప్రశ్నకు నాలుగు జవాబులూ "ఎలక్షన్ల తర్వాత" అనే ఉన్నాయి. ఇంకోదాంట్లో పది తలల సేటు పది ఫోన్లలో మాట్లాడుతున్నాడు. ఆ తలల్లో ఒక్కటీ నవ్వడం లేదు.

జనం మాత్రం వీటి ముందు ఆగడం లేదు. చివర వరుసగా ఆరు ముఖాలున్నాయి, అన్నీ నల్లకళ్లద్దాలు, భుజాన గొంగడి, సినిమా హీరో ఫోజు. ఒక్కో ముఖానికి నోరు ఒక్కో తీరుగా తెరుచుకుని ఉంది. మగ్గాల వాళ్లు గుంపుగా వాటి ముందు నిలబడి, గొంతు లేకుండా పెదాలు కదిపి, ఒక్కసారిగా నవ్వుతున్నారు. నన్ను చూసే నవ్వుతున్నారేమోనని మెల్లగా చొక్కా తడుముకున్నాను.

"నిన్ను గాదు బావా" అన్నాడు రాజం. "షెడ్డుల మగ్గాల మోతకు మాట వినవడదు. మూతి చూసి మాట్లాడుకుంటం, పాట గూడ గట్లనే పాడుకుంటం. ఇది సమ్మెల పాడిన పాట. 'మగ్గం నీది సేటూ, చెయ్యి మాత్రం మాది' అని. ఒక్కో ముక్కకు ఒక్కో మూతి గీసిన. సేటు వచ్చి చూసినా ఆయనకేం సమజ్ గాదు."

అప్పుడే రైల్లోని నల్లరంగు జుట్టు మనిషి లోపలికి వచ్చాడు.

రాజం నా చెయ్యి పట్టుకున్నాడు. "మా షెడ్డు మాస్టర్! మగ్గాలన్నీ ఈయన చేతిలనే. సేటుకు కండ్లూ చెవులూ ఈయనే. ఈయనకెవలు చెప్పిన్రు?"

నేను ఫ్యాన్ వైపు చూశాను.

"ఏం సారూ, విదేశాలోళ్లు వచ్చిన్రా?" అన్నాడు మాస్టర్ నాతో.

రాజం నన్ను చూసిన చూపు సంగతి ఇక్కడ రాయను. ఎలాగైనా వాణ్ణి కాపాడాలని మాస్టర్ పక్కన చేరి, "ఇవి పండ్లు తోముకునే పొడి కంపెనీ ప్రకటన బొమ్మలు" అన్నాను. ఆయన వినలేదు. మొదటి ముఖం ముందు ఆగాడు. పెదాలు కదిలాయి. మాస్టర్ కాకముందు ఆయనా ఇరవై ఏళ్లు మగ్గం నడిపినవాడేనట! రెండో ముఖం, మూడో ముఖం. ఆరో ముఖం దగ్గర తల అడ్డంగా ఊపి, రాజం వైపు తిరిగి, చప్పుడు లేకుండా ఏదో అని వెళ్లిపోయాడు.

"ఏమన్నడురా?"

"ఆరో మూతి తప్పు గీసినవన్నడు. పొద్దుగాల షెడ్డుల కలువమన్నడు."

సోమవారం ఆరున్నరకు రాజం టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాడు. వాడి భార్య పద్మ గడపలో నిలబడింది. "ఎనిమిదిలోపట ఇంటికొచ్చిండంటే నౌకరి వోయినట్టే. నీ నోటికి జర తాళం వేస్కోరాదే అన్నా!" అంది. నేను గుమ్మంలో కూర్చుని సందులో వచ్చే ప్రతి కాళ్ల జతనూ అనుమానించాను. ఎనిమిదైంది, పది కూడా అయింది. వాడు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. తిన్నగా సేటు దగ్గరికే తీసుకుపోయారేమో! పన్నెండింటికి పద్మ దారికి రొట్టెలు కట్టి ఇచ్చి, నా వెనకే తలుపు వేసుకుంది.

నేనెక్కిన రెండు గంటల తిరుగు రైలు చెరకు తోటల్లో పడ్డాక రాజం వీడియో ఫోన్ చేశాడు. ఎత్తగానే మగ్గాల మోతకు బోగీలో నిద్రపోతున్నవాళ్లంతా లేచారు. వాడి వెనక నూలు కదులుతోంది. వాడు షిఫ్టులోనే ఉన్నాడు! నా గుండె మీది రాయి దిగింది. అంతలో మాస్టర్ ముఖం అడ్డం వచ్చింది. రెండు పెదాలనూ సాగదీసి, ఆరో మూతి ఎలా ఉండాలో రాజానికి చూపించి, తర్వాత నా వైపు తిరిగి చప్పుడు లేకుండా పొడుగాటి మాట ఒకటి అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఫోన్ ఆగిపోయింది.

"ఏమంటున్నరు వాళ్లు?" అంది పక్కసీటు పెద్దమ్మ.

సూరత్‌కు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. అక్కడ వినబడే మాటల కంటే వినబడని మాటల దగ్గర జాగ్రత్తగా ఉండండి. మాస్టర్ ఏమన్నాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దమ్మకు మాత్రం సికింద్రాబాద్ వచ్చేదాకా వివరంగా చెప్పాను.