సార్ అన్నందుకే దొరికిపోయాం

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజుల్లో నేను ఎంసీఏ రెండో ఏడాది చదువుతున్నాను. వారంలో సగం రోజులు బంద్. మిగిలిన సగం క్యాంపస్ గేటు దగ్గర ముళ్లకంచెలు, పోలీసులు, ఐడీ కార్డుల తనిఖీ. మాది కడప. నాన్న గవర్నమెంటు ఉద్యోగం వల్ల తార్నాకలో స్థిరపడ్డాం. నా స్నేహితురాలిది లాలాపేట్. అది ఊరేగింపుల్లో ముందు వరసలో నడిచేది. ఊరేగింపు అయ్యాక మా ఇంటికొచ్చి అమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకుని తినేది. ఈ రెండింటికీ మధ్య దానికి ఏ పేచీ కనిపించలేదు.

క్లాసులు లేని ఒక మధ్యాహ్నం ఇద్దరం తార్నాకలో ఒక సూపర్ హీరో సినిమాకు వెళ్లాం. హీరో ఎగురుతాడు, రైలుపెట్టెను ఒంటిచేత్తో ఎత్తుతాడు. విలన్‌కు మాత్రం ఏ శక్తీ లేదు. కరెంటు పనివాడి బట్టలు వేసుకుని, భుజాన నిచ్చెనతో హీరో రహస్య స్థావరానికి తాపీగా నడిచొస్తాడు. కాపలావాణ్ణి పలకరించి, మోకాలి నొప్పి తగ్గిందా అని అడుగుతాడు. కాపలావాడు తలుపు తీసేస్తాడు.

బయటికొచ్చాక నేను హీరో గురించి మాట్లాడుతుంటే అది వినిపించుకోలేదు.

"వాడు గోడ దుంకలే, తాళం పగలగొట్టలే. మంచిగ మాట్లాడి తలుపు తీపిచ్చుకున్నడు. మన సెమినార్ గిదే గదనే," అంది.

నిజమే. కంప్యూటర్ సెక్యూరిటీ చెప్పే మేడం మా ఇద్దరికీ ఇచ్చిన అంశం సోషల్ ఇంజనీరింగ్. అంటే యంత్రం జోలికి పోకుండా, మనిషిని నమ్మించి రహస్యం రాబట్టడం. పుస్తకం చూసి అప్పజెబితే ఏం బాగుంటుంది, చేసి చూపిద్దాం అనుకున్నాం. మేడంకు మాత్రం చెప్పలేదు.

మేం ఎంచుకున్న మనిషి మా ల్యాబ్ అటెండర్. యాభై దాటినాయన. సీతాఫల్‌మండి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ల్యాబ్ తాళాలూ, ఇంటర్నెట్ పాస్‌వర్డూ ఆయన చేతిలోనే ఉండేవి. నేను కంప్యూటర్ సెంటర్ ఉద్యోగినిలా మా ఇంటి ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేయాలని పథకం. నా స్నేహితురాలి గొంతు ఆయనకు బాగా తెలుసు, నేను ల్యాబ్‌లో నోరు తెరిచేదాన్ని కాదు. కానీ నా కడప యాస కొంప ముంచుతుందని దాని భయం. అందుకని రెండు రోజులు నాకు పాఠం చెప్పింది. 'ఉంది' కాదు 'ఉన్నది', 'అవుతుంది' కాదు 'అయితది'. నేను అన్నం తింటూ కూడా అలాగే మాట్లాడేసరికి అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఫోన్ చేశాను. నమస్తే సార్ అన్నాను. పాస్‌వర్డులన్నీ సరిచూస్తున్నామని, కొంచెం మీ ల్యాబ్‌ది చెప్తారా సార్ అని అడిగాను. ఆయన అనుమానపడినట్టు నాకనిపించలేదు. లైను కట్టయితే మళ్లీ చేస్తానంటూ నా నంబరు అడిగి రాసుకున్నాడు. తరవాత ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే నిదానంగా చెప్పాడు. నేను క్యాలెండర్ వెనక రాసుకున్నాను. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో సమోసాలతో సంబరం చేసుకున్నాం.

మర్నాడు బంద్. నేను ఆలస్యంగా లేచి వచ్చేసరికి నాన్న హుషారుగా ఉన్నాడు.

"మీ యూనివర్సిటీ నుంచి ఎవరో ఆయన ఫోన్ చేసినాడు. నీ స్కాలర్‌షిప్ ఫారంలో ఏందో తప్పుండాదంట. నీ పేరు, రోల్ నంబరు అన్నీ చెప్పినాలే. శానా మర్యాదస్తుడు," అన్నాడు.

నేను ఏ స్కాలర్‌షిప్‌కూ దరఖాస్తు పెట్టలేదు. స్నేహితురాలికి చెబితే అదంతా ఆఫీసువాళ్ల గందరగోళమని కొట్టిపారేసింది.

ఆ మరునాడు ల్యాబ్ తెరవగానే ఒక మూల కూర్చుని ఆ అక్షరాలు కొట్టాం. తప్పు అంది కంప్యూటర్. మళ్లీ కొట్టాం. మళ్లీ తప్పే. అప్పుడు నా స్నేహితురాలు క్యాలెండర్ కాగితం లాక్కుని, అక్షరాలు కూడబలుక్కుంటూ మెల్లగా చదివింది: "రే...పు...రం...డి."

"వచ్చిన్రు గద," అన్నాడు అటెండర్ మా వెనక నుంచి. నన్ను పేరు పెట్టి పిలిచి, రోల్ నంబరు చెప్పి, మీ నాయన మంచోడు బిడ్డా, అడగకముందే అన్నీ చెప్పిండు అన్నాడు.

నాకు భూమిలోకి కుంగిపోదామనిపించింది. క్షమించమన్నాం. మేడంకు చెప్పొద్దని బతిమాలాం. ఆయన కోప్పడలేదు. అది మాత్రం ఉండబట్టలేక, యాస వల్లే దొరికామా అని అడిగింది.

"యాస మంచిగనే పలికింది. ఇరవై ఏండ్ల సంది జేస్తున్న. ఆఫీసోళ్లు ఎవ్వరన్న నన్ను ఒక్కనాడు సార్ అన్నరా? గీమె ఒక్క ఫోన్ల నాలుగుసార్లు అన్నది."

మేం నవ్వలేకపోయాం. ఆయనే నవ్వాడు.

చెప్పుకోడానికి వేరే ఏమీ లేక సెమినార్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాను. మేడం ముందు మండిపడ్డారు, తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అటెండర్‌ని పిలిపించి, ఈ పిల్లల కంటే మీరే బాగా చెప్తారు, రండి అన్నారు. ఆయన వచ్చి, చేతులు కట్టుకుని, ఎవరు ఫోన్ చేసినా వాళ్ల నంబరు అడగడం మరిచిపోవద్దని చెప్పి వెళ్లిపోయాడు. మార్కులు నా స్నేహితురాలికి నాకంటే రెండు ఎక్కువొచ్చాయి. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ రోజు ఇంటికెళ్లి నాన్నకు అంతా చెప్పేశాను. తను మోసపోయినందుకు కాసేపు గొణిగాడు. సార్ అన్న సంగతి దగ్గరికొచ్చేసరికి గొణుగుడు ఆగింది. నాన్న ఆఫీసులోనూ ఒక అటెండర్ ఉండేవాడు. ఆయన్ని ఏమని పిలుస్తాడో నేను అడగలేదు.