రత్నమ్మగారి జేనుతుప్ప

మొన్న ఆదివారం సుజాత మా ఇంటికి వచ్చి సీసా మూత తీయగానే ముందుగది అంతా తేనె వాసన కమ్ముకుంది. ముప్పై ఏళ్ల కిందట రాయచూరు థర్మల్ విద్యుత్తు ప్లాంటు కాలనీ బడిలో నా దగ్గర ఏడో తరగతి సైన్సు చదివిన పిల్ల. ఇప్పుడు పక్కనే యరమరస్ కరెంటు ప్లాంటులో ఇంజనీరు. "టీచర్, ఒక గ్లాసు మంచినీళ్లివ్వండి" అని అడిగి, అందులో ఒక చుక్క తేనె వేసింది. చుక్క కరగకుండా తిన్నగా అడుక్కి దిగి కూర్చుంది. "చూశారా, అసలు తేనె! ఈ పరీక్ష మీరు నేర్పిందే" అని నవ్వింది. పిల్ల ప్రేమగా తెచ్చింది, నేనూ నవ్వాలి. కానీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రిటైరై ఇన్నేళ్లయినా ఆ గ్లాసు నన్ను వదల్లేదు.

రాయచూరు బజారులో రత్నమ్మగారిది మూలికల దుకాణం. శొంఠి, పిప్పళ్లు, కుంకుడుకాయలు, వాటి మధ్య వరసగా తేనె సీసాలు. భర్త పోయాక గల్లాపెట్టె దగ్గర ఆవిడే కూర్చునేది. దేవదుర్గం వైపు గుట్టల్లో తేనె పట్టే మనిషి ఒకడు ఏళ్ల తరబడి ఆవిడకే తెచ్చి పోసేవాడు. నేను జవళగేర దగ్గర, కాలువ కింద వరి పండించడానికి ఆంధ్రా నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపులో పుట్టినదాన్ని. పెళ్లయి కాలనీకి వచ్చిన కొత్తలో శనివారాలు ప్లాంటు బస్సెక్కి ఆ దుకాణానికి వెళ్లేదాన్ని. నేను నోరు తెరిస్తే చాలు, "మీ క్యాంపోళ్ల తెలుగు సిన్మాల ఇన్నట్లుంటది టీచరమ్మా" అని ఏడిపించేది. తేనె ఇచ్చిన ప్రతిసారీ ఒకటే హెచ్చరిక: "తడి చెంచ పెట్టొద్దు. ఊరగాయ జాడీల తడి గరిటె పెడ్తవా? గిది గంతే." శుద్ధమైన తేనెకు చీమలు పట్టవంటారు కదా అని ఒకసారి అడిగాను. "చీమలకు గంత శాస్త్రం తెలిస్తె బడి పెట్టుకుంటుండె, నీకు నౌకరీ దొరకకపోతుండె" అంది.

సుజాత ఏడో తరగతిలో ఉన్న ఏడు మా ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కందిపప్పు మొదలు తలనొప్పి మందు దాకా అన్నీ అందులోకే ఎక్కించాను. తేనె కూడా. కొన్ని వారాలకు సీసా తీసి చూస్తే సగం దాకా తెల్లగా, గరుకుగా గడ్డకట్టి ఉంది. పైన పలచగా పానకంలా కొంచెం తేలుతోంది. నా ఒళ్లు మండిపోయింది. నమ్మిన మనిషి పంచదార పోసి అమ్మిందనుకున్నాను. మర్నాడు ఆ సీసా బడికి పట్టుకుపోయి, కల్తీ గురించి పాఠం చెబుతూ, పైన తేలిన పలచటి దాన్నే చెంచాతో తీసి గ్లాసు నీళ్లలో వేశాను. ఇట్టే కరిగిపోయింది. ఒత్తికి రాసి అగ్గిపుల్ల గీశాను, చిటపటలాడి ఆరిపోయింది. "ఎక్కడ కొన్నారు టీచర్?" అని ఒకడు అడిగాడు. దుకాణం పేరు చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పారు. టీచర్ చేసి చూపించాక ఇక తిరుగేముంది? రెండు వారాల్లో కాలనీ నుంచి సీసాలు దుకాణానికి తిరిగి రావడం మొదలైంది. ఆవిడను నిలదీద్దామని, తప్పు పట్టుకున్నానన్న గర్వంతోనే, నా సీసా సంచిలో వేసుకుని నేనూ వెళ్లాను. రత్నమ్మగారు అరవలేదు. సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"యాడ పెట్టినవ్?"

"ఫ్రిజ్‌లో అండీ."

"కన్నడంల తేనెను ఏమంటరు?"

"జేనుతుప్ప."

"తుప్ప అంటే?"

"నెయ్యి" అన్నాను.

"చలికాలం నెయ్యి పేరుకుంటే డాల్డా అని పారబోస్తవా? గా సల్ల పెట్టెల పెడ్తె తేనె పేరుకోదా? అడుగున పేరుకుంటె నీళ్లదనం పైకి తేలదా? జేనుతుప్ప అని దినాం అనే మాటనే గద, నీకే ఇనపడలే."

సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టింది. గడ్డ మెల్లగా కరగసాగింది. తర్వాత దుకాణం వెనక పొయ్యి మీద బెల్లం పాకం పట్టింది. ముదిరాక ఒక చుక్క నీళ్లలో వేసింది. అది కరగకుండా అడుగున ఉండకట్టి కూర్చుంది. అరిసెల పాకం కుదిరిందో లేదో చూడ్డానికి మా అమ్మ చేసే పరీక్ష అది. నా చేతులతో నేనే ఎన్నిసార్లో చేశాను. బడిలో తేనె చుక్క వేసినప్పుడు మాత్రం నాకు తట్టనే లేదు.

"చూస్తివా, నీ పరీక్షల బెల్లం పాకం పాసైంది. నా తేనె ఫేలైంది" అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"మరి అసలైనదని ఎలా తెలుస్తుందండీ?"

"ఇంట్ల తెల్వది. మిషన్ల పెట్టి చూసేటోళ్లకు తెలుస్తదేమో. మనం అమ్మేటోళ్లను చూసి కొనాలె. అందుకే దుకాణానికి ఇజ్జత్ పోతే ఇంకేం మిగల్దు. పిల్లలకు చెప్పు టీచరమ్మా, తప్పు నీదని. నువ్వు చెప్తెనే ఇంటరు."

చెబుతానన్నాను. మాట ఇచ్చినంత తేలిక కాదు నిలబడటం. నలభై ఒక్కమంది పిల్లల ముందు సైన్సు టీచరు తప్పు చెప్పిందని ఎలా ఒప్పుకోను? పరీక్షలన్నాను, తనిఖీ అన్నాను, జ్వరమన్నాను. కనపడినప్పుడల్లా ఆవిడ ఒక్క మాటే అడిగేది: "చెప్పినవా?" మూడోసారి తర్వాత అడగడం మానేసింది. ఎండాకాలం సెలవుల తర్వాత ఆ పిల్లలు పెద్ద బడికి వెళ్లిపోయారు. నేను మళ్లీ దుకాణానికి వెళ్లేసరికి తేనె సీసాల వరస ఖాళీగా ఉంది. "బంద్ చేసిన. ప్రతోడు నీళ్ల గిలాస పట్టుకొని వస్తుండు" అని శొంఠి తూచి ఇచ్చింది. గుట్టల నుంచి వచ్చే మనిషి రావడం మానేశాడు. కొన్నేళ్లకు ఆవిడా పోయింది. తర్వాత వచ్చిన ప్రతి తరగతిలోనూ పాకం పట్టి చూపించాను, ఒప్పుకున్నాను. కానీ ఆ సీసాలు తిరిగిచ్చిన ఇళ్ల పిల్లలు వాళ్లు కారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

ఇదంతా సుజాతకు చెప్పాను. చెబుతూనే లేచి బెల్లం పొయ్యి మీద పెట్టాను. పాకం చుక్క, ఆమె తేనె చుక్క పక్కనే దిగి కూర్చుంది. సుజాత తన తేనె సీసాకు మూత పెట్టింది. "మా అమ్మ ఆ దుకాణంలో కొన్న సీసాను బాత్రూం తూములో వంపేసింది టీచర్. నేను పక్కనే ఉన్నాను" అంది.

"రత్నమ్మగారి తేనెలో కల్తీ లేదమ్మా. తప్పు నాది" అన్నాను. ఆ తరగతి పిల్లల్లో ఒకరికి ఇంత చిన్న మాట చెప్పడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

సుజాత వెళ్లేముందు తన దగ్గరున్న పాత స్నేహితుల ఫోన్ నంబర్లు అడిగి రాయించుకున్నాను. ఎనిమిది ఉన్నాయి. మిగతావాళ్లు ఎక్కడున్నారో, ఎవరింట్లో ఏ గ్లాసులో చుక్క వేసి చూస్తున్నారో తెలియదు. ఇవాళ పొద్దున మొదటి నంబరుకు చేశాను. అవతల ఒక మగ గొంతు ఎవరని అడిగింది.

"ఏడో తరగతిలో మీ సైన్సు టీచర్ని నాయనా. మీకొక పాఠం తప్పు చెప్పాను" అన్నాను.