నాగలక్ష్మమ్మ ఇంటి నడిమి గోడ

ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఎవరి ఇంట్లోకైనా నీళ్ళొస్తే, ఆ నీళ్ళు పోయాక కబురు వెళ్ళేది యేసుదానానికే. కాలువ రాకముందు అలాంటి పని ఒకటుంటుందని ఆ ప్రాంతంలో ఎవరికీ తెలియదు. నీళ్ళు బావిలోకి వస్తే చాలనుకున్న జనం వాళ్ళు. తుంగభద్ర కాలువ పారి, గుంటూరు వైపు నుంచి రైతులొచ్చి క్యాంపులు వేసుకుని వరి నాటడం మొదలుపెట్టాక, గట్లు తెగడం, పొలంలో నీళ్ళు వాకిలి దాటి ఇంట్లోకి రావడం మామూలైపోయింది.

యేసుదానం బళ్ళారి మిషన్ కాంపౌండులో పుట్టాడు. తండ్రి అక్కడి బంగళాలకు సున్నం కొట్టేవాడు. తండ్రి వెంట తిరుగుతూ గోడపని నేర్చుకున్నాడు గాని, కొత్త గోడ లేపడం కంటె నానిన గోడను నిలబెట్టడం మీదే అతనికి మక్కువ. "పడిపోయేదాని కింద పోయి నిలబడే మొగోడు ఈ తాలూకాలో నువ్వొక్కడివే" అని భార్య జయశీల ఎత్తిపొడిచేది.

అతని పద్ధతి అతనిది. ముందు ఒండ్రు ఎత్తించేవాడు. దూలాల కింద ఊతగుంజలు పెట్టి, గోడకు మోకాటి ఎత్తు దాకా పూత గీకేసేవాడు. నేలమీద ఊక బూడిద మందంగా పరిచి, అది తడి పీల్చుకోగానే ఎత్తి కొత్తది పరిచేవాడు. తొందరపడి ఇంట్లో మంట పెడతామంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. పైన ఎండి లోపల పచ్చిగా ఉన్న గోడ ఎప్పుడు ఎవరి మీద పడుతుందో దానికే తెలియదనేవాడు.

ఒక ఏడు వేసవి మొదట్లో పిల్లకాలువ గట్టు తెగి చెన్నకేశవరావు ఇంట్లో నీళ్ళు నిలిచాయి. మట్టిగోడల ఇల్లు. తెనాలి దగ్గర ఉన్న పొలం అమ్మేసి, ఇక్కడ భూమి కొని కట్టుకున్న ఇల్లు. నీళ్ళు తీశాక మొగుడూ పెళ్ళాం ఎద్దుల కొట్టంలోకి మారారు.

"వానలు పడేలోపు లోపలికి వెళ్ళగలమా, యేసుదానం?" అని అడిగాడు చెన్నకేశవరావు.

"ఎండాకాలం గదప్పా. మాట ఇస్తాండా. ముంగారు వానకు మీరు లోపలే ఉంటారు."

అన్ని గోడలూ చెప్పినట్టే ఆరాయి. వంటింటికీ నడవకూ మధ్య ఉన్న గోడ ఒక్కటే ఆరలేదు. ఇంటి దూలాలన్నీ దాని మీదే ఉన్నాయి. సాయంత్రం పొడిగా పరిచి వెళ్ళిన బూడిద తెల్లారేసరికి వంటింటి వైపు ముద్దకట్టి ఉండేది. అరచేతి వెనకవైపు గోడకానిస్తే చల్లగా తగిలేది. భూమిలోంచి ఊట వస్తోందనుకుని యేసుదానం ఇంటి వెనక కందకం తవ్వించాడు. అందులో ఒక్క చుక్క ఊరలేదు. గోడ మాత్రం ఆరలేదు.

"కందకమైతే తవ్వావు. బురుజులు ఎప్పుడు కడతావయ్యా?" అన్నాడు చెన్నకేశవరావు. నవ్వుతూనే అన్నాడు గాని, అప్పటికే ఆకాశంలో అక్కడక్కడా మబ్బు కనిపిస్తోంది. క్యాంపులో మిగతావాళ్ళు కూడా వచ్చి గోడకు చెయ్యానించి చూసి పోతున్నారు.

ఒక సాయంత్రం పని ముగించి సగం దారి వెళ్ళాక తాపీ మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. ఇంకా వెలుతురుంది. పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల నీళ్ళ చప్పుడు. చెన్నకేశవరావు భార్య నాగలక్ష్మమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, అతను పగలంతా నిలబడి పనిచేసిన చోట కడవతో పసుపునీళ్ళు కుమ్మరిస్తోంది. నేలమీద, బూడిద మీద, గోడ మొదట్లో. ఆ కడవ అయిపోయి ఇంకో కడవ ఎత్తుతూ అతన్ని చూసింది. ఎత్తిన కడవ ఎత్తినట్టే ఆగిపోయింది.

యేసుదానం తాపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక జయశీల అంతా విని, "వదిలెయ్. వాళ్ళ ఇల్లు, వాళ్ళ నీళ్ళు. ఇంగ సాకు, చాలించు" అంది.

"వదిలేస్తే వానకు ఆ గోడ కూలుతాది. కింద వాళ్ళిద్దరూ పండుకోనుంటారు."

"కూలితే నీ పేరు పోతాదనా నీ బాధ?"

"అదీ ఉండాది" అన్నాడు యేసుదానం.

మర్నాడు చెన్నకేశవరావు పొలానికి వెళ్ళిందాకా కాలువ గట్టు మీద కూర్చుని, అప్పుడు ఆ ఇంటికి వెళ్ళాడు. లోపలికి పోలేదు. పెరట్లో నిలబడి పిలిచాడు. నాగలక్ష్మమ్మ కొట్టంలోంచి వచ్చింది. అతని ముఖం చూడలేదు.

"అమ్మా, నేను కాలు పెట్టిన చోటంతా మీరు నీళ్ళు పోస్తాండారు. పోసినన్నాళ్ళూ ఆ గోడ ఆరదు. నేను రాకుంటే మీకు నీళ్ళతో పనిలేదు, గోడపనీ కాదు. ఏది కావాల్నో మీరే చెప్పండి. మీ ఆయప్పకు నేనేం చెప్పలే."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"మా అత్తగారు అట్లాగే చేసేది" అంది. "బయటివాళ్ళు వంటింట్లో అడుగు పెడితే, కడగందే పొయ్యి ముట్టించేది కాదు."

"ఆ ఇంటివి ఏం గోడలమ్మా?"

"ఇటుక."

"ఇది మట్టి."

ఆమె వంటింటి వైపు చూసింది. "పొయ్యి ఇంకా ముట్టించలేదుగా నేను" అని తనలో తను అనుకున్నట్టు అంది. "ముట్టించేనాడు ఒక్కసారే కడుక్కుంటాను."

"ఆ రోజు గూడా కడవలు వద్దు."

"మరెట్లాగయ్యా?"

"మామిడాకుతో చల్లుకోండి. నాలుగు చుక్కలకు గోడ పడదులే."

నాగలక్ష్మమ్మ అప్పుడు తలెత్తింది. "నాకు శుద్ధి నేర్పుతున్నావా నువ్వు?"

"తడి సంగతి చెప్తాండా, అమ్మా."

ఆమె పెదవి చివర కొద్దిగా కదిలింది. తలుపు గడియ తీసి పక్కకు తప్పుకుంది.

యేసుదానం లోపలికి వెళ్ళి ముద్దగా ఉన్న బూడిద ఎత్తడం మొదలుపెట్టాడు. తన అడుగు కడగడానికి ఎన్ని నీళ్ళు చాలో తానే చెప్పి, బేరం కుదిర్చి వచ్చానన్న సంగతి అప్పుడు తట్టిందతనికి. చేతిలో చేట పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత మళ్ళీ వంగాడు. బూడిద చాలా ఉంది.

ఆ మర్నాటి నుంచి గోడ ఆరడం మొదలైంది. ఒకటి రెండు జల్లులు పడ్డాయిగాని పెద్ద వాన ఇంకా రాలేదు. తరిగిన గడ్డి కలిపిన మట్టితో పూత పెట్టి, అది కూడా ఆరాక సున్నం కొట్టాడు. నడిమి గోడ కింది నుంచి పై దాకా ఒకే తెలుపు తేలింది. ఊతగుంజలు తీసినరోజు చెన్నకేశవరావు గోడను గుద్ది చూసి, "కందకం సంగతి ఇంక ఎత్తనులేవయ్యా" అన్నాడు. నాగలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి, ఆదివారం పోయాక మంచిరోజుంది, ఆరోజు పాలు పొంగిస్తామని చెప్పింది. రమ్మని అనలేదు. అతనూ ఎదురుచూడలేదు.

తాపీ, చేట సంచిలో వేసుకుని యేసుదానం పెరట్లోకి వచ్చాడు. కడవ ముంచిన చప్పుడు వస్తుందేమోనని దడి దాటిందాకా చెవి వెనక్కే ఉంది. రాలేదు. మామిడాకుతో చల్లితే ఎలాగూ చప్పుడు కాదు.